బాయి బొమ్మ

సిద్దిపేట బల్దియా కచేరీలో గుమాస్తాగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. తహసీల్దారుకు నేను మున్షీని. ఊరి శుభ్రత చూసే దరోగాకు 'చేర్యాలాయన'ను. నేను ముందు గదిలో కిరాయికున్న ఇంటి ముసలమ్మకు 'ముంగటర్ర ఆయన'ను. కొన్ని నెలలు గడిచేసరికి నా పేరు నాకే కొత్తగా తోచింది. ఒకనాటి సాయంత్రం అర్రలో కూర్చుని దాన్ని పైకి అని చూసుకున్నాను. గోడ అవతలి నుంచి ముసలమ్మ "ఎవలొచ్చిన్రు?" అని అడిగింది. ఎవరూ రాలేదని చెప్పాను.

ఇది నలభైల నాటి మాట. నిజాం పాలన. కచేరీలో రాతకోతలన్నీ ఉర్దూలోనే. చేర్యాల మౌల్వీ దగ్గర నేర్చుకున్న ఉర్దూ చేతిరాత చూసి నాకా కొలువిచ్చారు. పొద్దున్నే అన్నం వండుకుని తిని, అర్రకు తాళం వేసి, అంగడి దాటి కచేరీకి నడిచేవాణ్ణి. సాయంత్రం అదే దారిన వెనక్కి వచ్చేవాణ్ణి. దుకాణాల వాళ్ళు నన్ను చూస్తే కాస్త సర్దుకుని కూర్చునేవాళ్ళు, బల్దియా మనిషినని. అది మర్యాదో భయమో నాకు తెలియదు గానీ మాట మాత్రం కాదు. నేను ఒక్క మాట కోసం మొహం వాచి ఉండేవాణ్ణి.

రోజూ నాతో మాట్లాడిన మనిషి ఒక్కతే. సఫాయి పని చేసే ఐదుగురు ఆడవాళ్ళకు ఆమె పెద్ద. మా అమ్మ వయసుంటుంది. అందరికంటే ముందు వచ్చి కచేరీ వాకిలి ఊడ్చేది. నేను కూడా తొందరగానే వెళ్ళేవాణ్ణి, అర్రలో ఉండి చేసేదేమీ లేక. ఊడవడం అయ్యాక ఆమె మెట్ల కింద నిలబడి తన కుండను రెండు చేతులతో ఎత్తి పట్టేది. అరుగు మీద మంచినీళ్ళ కాగు ఉండేది. నేను చెంబుతో ముంచి, పైనుంచి ఆ కుండలో పోసేవాణ్ణి. ఆమె మా కాగు ముట్టుకోకూడదు, నా చెంబు ఆమె కుండకు తగలకూడదు. ఆ పద్ధతి నేను పెట్టింది కాదు. కానీ ఒక్కనాడూ నేను దాన్ని తప్పలేదు.

"ఏం వండుకున్నవ్ అయ్యా ఇయ్యాల?" అని అడిగేది.

"పచ్చిపులుసు."

"నిన్న గదేనాయె, మొన్న గదేనాయె. ఉప్పన్న ఏసినవా?"

ఆ నవ్వులాట రోజుకింత దొరికేది. మిగతా పొద్దంతా కాగితాలే. శుక్రవారం కచేరీకి సెలవు, ఆమె రాదు. ఆ రోజు నా నోట్లోంచి వచ్చిన మాటలన్నీ ఏరితే పిడికెడు కూడా కావు.

ఆమెకు నాతో ఒక పని ఉండేది. అది మొదటి నెలలోనే చెప్పింది. ఊరి చివర వాళ్ళ వాడలో బావి లేదు. అంగడి బావికి వస్తే వాళ్ళను చేద వేయనివ్వరు. ఎవరో ఒకరు చేది పోసేదాకా దూరంగా కుండలు పెట్టుకుని నిలబడాలి. పోసేవాళ్ళు పోస్తారు, పోయనివాళ్ళు పోతారు.

"నా బిడ్డ పురిటికొచ్చిందయ్యా. బాలింతకు నాలుగు నీళ్ళు పొయ్యాల్నంటె సగం దినం గా బాయి కాన్నే నిలబడ్డ. మా వాడకు ఒక బాయి తవ్వియ్యుమని నువ్వు రాయి. నీ చేతుల కలమున్నది" అన్నది.

నా చేతిలో కలం ఉన్నది నిజమే. కానీ ఇంకొకరు చెప్పింది రాసే కలం అది. ఆ మాట ఆమెతో అనలేదు. నన్ను చూసి ఒకరు ఆశపడటం నాకు కొత్త. అందుకే సరే రాస్తానన్నాను.

బల్దియాలో ఏడాదికొకసారి, సర్కారు లెక్కల ఫసలీ కొత్త సంవత్సరం మొదలయ్యే ముందు, వానలు వెనుకపట్టాక, వచ్చే ఏడాది చేయవలసిన పనులు నిర్ణయించేవాళ్ళు. అప్పటిదాకా దానికి పెద్ద తతంగమేమీ లేదట. ఏడుగురు మెంబర్లు, అంటే సేట్లూ దొరలూ, వచ్చి చాయ తాగి, ఎవరింటి ముందు సడక్ పాడయిందో వాళ్ళు చెప్తే అది రాసుకుని లేచేవాళ్ళు. ఆ ఏడు కొత్తగా వచ్చిన తహసీల్దారుకు అది నచ్చలేదు. ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు, కానీ అనుకున్నది చేసేవాడు. పని చేసేవాళ్ళను అడగకుండా పని ఎట్లా నిర్ణయిస్తామని నన్నే అడిగాడు ఒకరోజు, నేను నిర్ణయిస్తున్నట్టు.

ఆయన పెట్టిన పద్ధతి ఇది. ముందుగా ఐదు పనుల జాబితా తయారవుతుంది. సభనాడు బల్ల మీద ఐదు మట్టి మూకుళ్ళు పెడతారు, పనికొకటి. మెంబరుకు మూడు చింతగింజలు, బల్దియా నౌకరుకు ఒక చింతగింజ ఇస్తారు. ఎవరికి ఏ పని ముఖ్యమనిపిస్తే ఆ మూకుడులో వేయాలి. ఎక్కువ గింజలు పడ్డ రెండు పనులూ ఆ ఏడాది చేస్తారు. మిగిలినవి మరుసటి ఏటికి పోతాయి.

మెంబర్లు ముసిముసిగా నవ్వుకున్నారు. సడకులు ఊడ్చేవాళ్ళ గింజా మన గింజా ఒకే మూకుట్లోనా అని ఒక సేటు బయటికి వచ్చి అన్నాడు. పైకి మాత్రం ఎవరూ కాదనలేదు. తహసీల్దారుతో తగువు ఎవరికి కావాలి?

ఐదు పనులు ఇవి: వీధి దీపాలకు కొత్త కందీళ్ళు, అంగడిలో మురుగు పారే మోరీ, సడక్ మరమ్మతు, ఊరి మొదట్లో ఒక కమాను, చివరగా సఫాయి వాడకు కొత్త బావి. చివరిది నేను రాసిందే. రాసి తీసుకెళ్ళి చూపిస్తే తహసీల్దారు ఒకసారి నా మొహం చూసి, తల ఊపి, సంతకం చేశాడు. మర్నాడు పొద్దున ఆమెకు చెప్పాను. ఆమె చీపురు కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకున్నది చెమటో కన్నీళ్ళో నేను చూడనట్టు కాగు మీద మూత సర్దాను.

"బొమ్మలుంటాయి. చదువు రానివాళ్ళ కోసం ప్రతి మూకుడు ముందూ ఒక బొమ్మ పెడతారు. బావి బొమ్మ ముందున్న మూకుట్లో గింజ వెయ్యి. నీ వాళ్ళకూ చెప్పు" అన్నాను.

"బొమ్మలెవలేస్తున్నరయ్యా?"

"నేనే."

అది చెప్పేటప్పుడు నా గొంతు నాకే కొంచెం పెద్దగా వినిపించింది.

మాది చేర్యాలలో బొమ్మలు వేసే ఇల్లు. పొడుగాటి గుడ్డ మీద కథ మొత్తం వరుసగా వేస్తారు. కథ చెప్పేవాళ్ళు దాన్ని వేలాడదీసుకుని, ఊరూరా తిరిగి చెప్పుకుంటారు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో గుడ్డ. బొమ్మ వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు మా ఇంటి అరుగు మీద రెండు మూడు రోజులు ఉండిపోయేవాళ్ళు. మా బాపు వాళ్ళను కూర్చోబెట్టి అడిగేవాడు. మీ మూలపురుషుడు ఏ చేత్తో కర్ర పట్టుకుంటాడు? ఆయన ఆలి ఏ రంగు చీర కడుతుంది? గుర్రం నల్లదా తెల్లదా? అంతా అడిగి తెలుసుకునేదాకా కుంచె ముట్టేవాడు కాదు. నాకు అది విసుగ్గా ఉండేది. గుర్రం ఏ రంగైతే ఏమిటనుకునేవాణ్ణి.

ఉర్దూ వచ్చింది, కొలువు దొరికింది, నేను బయలుదేరాను. బాపు వద్దనలేదు. రంగులు నూరుకుంటూ కూర్చున్నాడు, తల ఎత్తలేదు. ఆయనకు రాయడం రాదు కాబట్టి ఉత్తరం రాదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. రాయించడానికి మనుషులున్నారు కదా అన్న సంగతి నాకూ తెలుసు. అయినా పెట్టె అడుగున రెండు ఉడుత వెంట్రుకల కుంచెలు తెచ్చుకున్నాను. వాటిని తహసీల్దారు పని కోసం బయటికి తీసినప్పుడు ఆ అర్రలో నాతోపాటు ఇంకెవరో ఉన్నట్టనిపించింది.

సభకు తెప్పించిన చింతగింజల్లోంచి దోసెడు తీసుకుని నానబెట్టి, పొట్టు తీసి, నూరి ఉడికించాను. అందులో సుద్ద, చెట్టు బంక కలిపి ఐదు గుడ్డ ముక్కలకు పూశాను. మా ఇంట్లో ఎట్లా చేస్తారో అట్లాగే, ఒక్క పూత తగ్గించకుండా. ఆ వాసనకు ఇల్లు గుర్తొచ్చి అన్నం సయించలేదు.

మొదట బావి బొమ్మే వేశాను. నా ప్రాణమంతా దానిలో పెట్టాను. వెనుక అంతా ఎర్ర రంగు నింపాను. ఊళ్ళో నేను రోజూ చూసే బావి ఒక్కటే, అంగడి బావి. దాని గిలక నిలిపిన రెండు రాతి స్తంభాల మీద ఒక్కో చిలుక చెక్కి ఉండేది. ఆ చిలుకలు రెండూ వేశాను. బావి గచ్చు మీద ముగ్గురు ఆడవాళ్ళను నిలబెట్టాను. మెడలో గుండ్లపేరు, చేతులకు కడియాలు, నడుముకు వడ్డాణం, చంకలో ఇత్తడి బిందె. బొమ్మ ఒట్టిగా ఉండొద్దని మా బాపు అనేవాడు. మా గుడ్డల మీద పశువులు కాసేవాడికి కూడా చెవులకు పోగులుంటాయి. చీరల అంచులకు చుక్కలు పెట్టడానికే ఒక సాయంత్రమంతా పట్టింది. పూర్తయ్యాక దూరం నుంచి చూసుకుని, బాపు చూస్తే ఏమంటాడో అనుకున్నాను. అప్పుడు నా మనసులో ఉన్నది బాపే. బావి ఎవరిదో ఆమె గుర్తుకే రాలేదు.

కమాను, కందీలు, సడక్ కూడా బాగానే కుదిరాయి. చివరికి మోరీ మిగిలింది. దాని దగ్గరికి వచ్చేసరికి పసుపు రంగు అయిపోయింది, ఓపికా అయిపోయింది. మోరీ గీసి, దాని పక్కన గంప పెట్టుకుని వంగిన ఒక ఆడమనిషిని వేశాను. నగలు పెట్టడానికి పసుపు లేదు. మెడ ఒట్టిది, చేతులు ఒట్టివి. తొందర్లో వేసింది కదా అని సిగ్గుపడి దాన్ని నాలుగోదిగా పెట్టాను.

సభనాడు మెంబర్లు బొమ్మల చుట్టూ చేరి మెచ్చుకున్నారు. బావి బొమ్మ దగ్గర దరోగా "అరె, గీ చిలుకలు మన అంగడి బాయివే గదా!" అని అందరికీ చూపించాడు. నేను నవ్వాను. గర్వంతో నవ్వాను. ఆ మాట చెవిన పడి కూడా నాకు ఏమీ తట్టలేదు. ఆ తెలివితక్కువతనానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా నా మీద నాకు కోపం వస్తుంది.

తహసీల్దారు జాబితా ఉర్దూలో చదివాడు. నేను ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాను. సఫాయి ఆడవాళ్ళు ఐదుగురూ అప్పుడు లోపల లేరు. మెంబర్లు వేసి కూర్చున్నాక రమ్మంటామని దరోగా వాళ్ళను బయట, అరుగు కింద నిలబెట్టాడు. అక్కడికి నా గొంతు వినిపించే అవకాశం లేదు. మెంబర్లు వేశారు. కందీళ్ళ వాళ్ళు, సడక్ మేస్త్రి, చప్రాసీ, దరోగా వేశారు. చివరికి వీళ్ళను పిలిచారు.

ఐదుగురూ ఉతికిన చీరలు కట్టుకుని వచ్చారు. ఆమె ముందు, మిగతావాళ్ళు వెనుక. మూకుళ్ళు ముట్టుకోవద్దు, పైనుంచి వేయండని దరోగా అరిచాడు. అప్పుడు నేను లేచి ఇది ఫలానా, ఇది ఫలానా అని మళ్ళీ చెప్పాల్సింది. చెప్పలేదు. నా బొమ్మ ఉండగా నా మాట ఎందుకనుకున్నాను.

ఆమె బల్ల వెంట మెల్లగా నడిచింది. బావి బొమ్మ ముందు ఆగింది. చాలాసేపు చూసింది. నాకు లోపల పొంగిపోయింది. తర్వాత తల ఎత్తి నా వైపు చూసింది. నేను బాగుందా అన్నట్టు కళ్ళతోనే అడిగాను. ఆమె రెండడుగులు వెనక్కి వచ్చి, మోరీ ముందున్న మూకుట్లో గింజ వదిలింది. వెనుకనున్న నలుగురూ అక్కడే వదిలారు.



గింజలు లెక్కపెట్టింది నేనే. కందీళ్ళకు పదకొండు. మోరీకి ఎనిమిది. బావికి ఆరు. అందులో ఒకటి నాది. మిగతా ఐదూ ఎవరు వేశారో నాకు తెలియదు, మెంబర్లలో కూడా మనసున్నవాళ్ళు ఉండి ఉంటారు. మోరీలోని ఐదు గింజలు ఇటు పడి ఉంటే బావికి పదకొండు అయ్యేవి. తహసీల్దారు రెండుసార్లు చూసి, సఫాయి వాళ్ళే బావి వద్దంటున్నారా అని అడిగాడు. ఏదో జరిగిందని ఆయనకూ అనిపించినట్టుంది. ఆ క్షణాన నేను నోరు విప్పి ఉంటే ఆయన వాళ్ళను మళ్ళీ పిలిచేవాడేమో. అందరి ముందు నా బొమ్మ తప్పని చెప్పాలి. నేను చెప్పలేదు. కందీళ్ళు, మోరీ అని రాశాను. ఆయన సంతకం చేశాడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె గది ఊడవడానికి వచ్చింది. నేను బొమ్మలు చుడుతున్నాను. ఆమె గుమ్మం దగ్గరే ఆగింది.

"అయ్యా, ఒక మాట అడుగుత, ఏమనుకోవు గద?"

"అడుగు."

"మా బాయి బొమ్మ ఎందుకెయ్యలేదయ్యా?"

నేను ఆమె మొహం చూడలేకపోయాను.

"గా చిలుకల బాయి అంగడి బాయి గదా. గచ్చు పలిగిందని సేటు మొత్తుకుంటుండె, దానికేనని సమజైంది. బంగారం పెట్టుకున్నోళ్ళు, ఇత్తడి బిందెలు. గండ్ల మేమేడున్నం? గందుకే మోరి మీద ఏసినం. గా బొమ్మల గంప పట్టుకున్నది ఒక్కతె మాలెక్క కనవడ్డది."

అదే మీ బావి బొమ్మ అని చెప్పవచ్చు. చెప్తే, తన చేత్తోనే తన బావి పోగొట్టుకున్నానని ఆమె ఎంత కుమిలిపోతుంది! ఆ నలుగురికీ ఏం మొహం చూపిస్తుంది! ఆమె కోసమే దాచానని చాలాకాలం అనుకున్నాను. అది సగమే నిజం. నా బొమ్మ తప్పని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు.

"మర్చిపోయాను" అన్నాను.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. ఆమె నా వైపు జాలిగా చూసింది.

"పోనీ తీయయ్యా. ఒక్కనివే ఉంటవు. ఇంట్ల యాది చేసేటోళ్ళు ఎవలున్నరు నీకు? వచ్చే ఏడుకు నేను యాది చేస్త" అని చీపురు అందుకుంది.

ఆ రాత్రి నేను వండుకోలేదు.

మర్నాటి నుంచి ఆమె అన్నట్టే చేసింది. ఏం వండుకున్నవని అడిగేది, కుండ ఎత్తి పట్టేది, నేను పోసేవాణ్ణి, వెళ్ళేటప్పుడు "అయ్యా, బాయి యాది" అనేది. రోజూ అదే మాట. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నేనా మాట కోసం ఎదురుచూసేవాణ్ణి. ఊళ్ళో నాకు ఏదో ఒకటి గుర్తు చేసే మనిషి ఒకరున్నారు. ఆమె గుర్తు చేసేది నా తప్పునేనని ఆమెకు తెలియదు.

పండగ సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు బొమ్మలు పట్టుకెళ్ళాను. బాపు ఒక్కొక్కటీ ఎండలోకి తీసుకెళ్ళి చూశాడు. పూత బాగా పట్టిందన్నాడు. చిలుకల ముక్కులు బాగున్నాయన్నాడు. అంతసేపు ఆయన నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో. నేను మొత్తం సంగతి చెప్పాను, సభ, గింజలు, ఆమె అడిగిన మాట, నా అబద్ధంతో సహా. బాపు బావి బొమ్మ మళ్ళీ తీసుకున్నాడు.

"ఇది ఏసేటప్పుడు ఆమెను కూసోపెట్టి అడిగినవా కొడుకా?"

"లేదు."

"రోజు నీ ముంగట్నే ఉండె గదా."

"ఉండె."

బొమ్మను చుట్టి నా చేతికిచ్చాడు.

తిరిగొచ్చాక ఆమెను అడగడం మొదలుపెట్టాను. వచ్చే ఏడు బొమ్మ మర్చిపోకుండా ఇప్పుడే వేసి పెడతాను, మీ బావి ఎట్లుండాలో చెప్పమన్నాను. ఆమె నవ్వింది. బొమ్మకు కూడా మమ్మల్ని అడుగుతరా అన్నది. కానీ మెల్లగా చెప్పింది, రోజుకింత. గచ్చు ఎత్తు ఉండొద్దు, మోకాళ్ళు నొస్తాయి. బిడ్డకు పచ్చ చీర ఉండాలి, కడుపు కాస్త కనబడాలి, మళ్ళీ నీళ్ళోసుకుంది. కుండలు మట్టివే. నగలు వద్దు, దొంగ సొమ్మనుకుంటరు అని నవ్వింది. ఒకరోజు నేను చెంబుతో నీళ్ళు పోస్తుండగా, కుండలోకి చూస్తూ అన్నది:

"ఇంకోటయ్యా. నేను నా చేతులతోని చేదుకున్నట్టు ఏయి. పైకెళ్ళి పోసేటోళ్ళు ఎవలూ ఉండొద్దు గా బొమ్మల."

నా చేతిలో చెంబు ఉంది. ఆమె నన్ను పొడవాలని అనలేదు, ఆ మనిషికి అది రాదు. నేను సరేనన్నాను.

ఆ బొమ్మ వేశాను. అందులో చిలుకలు లేవు, చుక్కల అంచులు లేవు. ఆమెకు చూపిస్తే చాలాసేపు చూసి, తాడు పట్టుకున్న మనిషిని వేలితో చూపించి "గిది నేనే" అన్నది.

తర్వాతి ఏడు సభ దగ్గర పడేసరికి తహసీల్దారుకు బదిలీ అయింది. కొత్తాయన వచ్చాడు. చింతగింజల సంగతి విని పకపకా నవ్వాడు. సభ పాత పద్ధతిలోనే జరుగుతుందని, నౌకర్లు ఎవరి పని వాళ్ళు చూసుకుంటే చాలని దరోగాతో చెప్పాడు. నేను ఆమెకు చెప్పాలనుకున్నాను. నాలుగు రోజులు అనుకుంటూనే గడిపాను. పొద్దున్నే వచ్చి "బాయి యాది" అంటుంటే నోరు రాలేదు.

సభనాడు ఆమె ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఒక్కతే వచ్చి మెట్ల కింద నిలబడింది. లోపల మెంబర్లు చాయ తాగుతున్నారు. నేను కాగితాల కోసం బయటికి వస్తే, కొంగు ముడి విప్పి ఒక చింతగింజ తీసి చూపించింది. ఇంటి నుంచే తెచ్చుకుంది. కడిగినట్టుంది, నిగనిగలాడుతోంది.

"ఈసారి మమ్ముల పిలుస్తలేరని దరోగా చెప్పిండు. ఏం ఫికరు లేదు. గిది నువ్వు ఏయయ్యా నా దిక్కుకెళ్ళి" అని మెట్టు మీద పెట్టి దూరం జరిగింది.

గింజ తీసుకుని లోపలికి వెళ్ళాను. బల్ల మీద మూకుళ్ళు లేవు, బొమ్మలు లేవు. తహసీల్దారు ముందు నేను రాసిన జాబితా ఒక్కటే ఉంది. అందులో అన్నిటికంటే పైన సఫాయి వాడకు బావి అని రాశాను, నాకు చేతనైంది అంతే. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆ మాట మీద గింజ పెట్టాను. తహసీల్దారు మాట మధ్యలో ఆగి, అదేమిటో చూడకుండానే కలం వెనుకతో దాన్ని ఒక తోపు తోశాడు. కింద పడి ఎటో దొర్లింది. అదే కలంతో మొదటి పని కొట్టేసి, వచ్చే ఏటికని పక్కన రాసి, రెండోదానికి వెళ్ళాడు.

నేను వంగి గింజ వెతకలేదు. మెంబర్లు చూస్తున్నారు.

ఆ ఊళ్ళో నేనున్నంతకాలం ఆ బావి రాలేదు. ఆ తర్వాత ఎప్పుడో వచ్చిందని విన్నాను. అప్పటికి ఆమె ఉందో లేదో కనుక్కోలేదు. చిలుకల బావి బొమ్మ వాళ్ళ బావి కోసం వేసిందేనన్న సంగతి ఆమెకు ఎప్పటికీ చెప్పలేదు.

ఆ సభనాటి సాయంత్రం నేను బయటికి వచ్చేసరికి ఆమె అక్కడే ఉంది. చీపురు పక్కన పెట్టుకుని మెట్టు కింద కూర్చుని ఉంది.

"ఏసినవా అయ్యా?"

"వేశాను."

"మా బాయి మీదనే గదా? మర్చిపోలే గదా?"

"మర్చిపోలేదు. మీ బావి మీదే వేశాను."

ఆమె మొహం విప్పారింది. ఇగ చాలు అన్నట్టు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. పొద్దుటి నుంచి నీళ్ళు లేవని, జర పొయ్యమని కుండ ఎత్తి పట్టింది. అరుగు మీద మా ఇద్దరినీ చూసేవాళ్ళు ఎవరూ లేరు. చప్రాసీ కూడా వెళ్ళిపోయాడు. నేను చెంబు ఆమె చేతికే ఇవ్వొచ్చు. నీకు నువ్వే ముంచుకో అనొచ్చు. కాగులో చెంబు ముంచి, ఆమె కుండకు తగలకుండా, పైనుంచి పోశాను.